గుండె వాల్వ్‌లో లోపం ఉన్న పైలట్ నడిపే విమానం మీరు ఎక్కుతారా?

మామునూరు గాలిపటం

మొన్న హన్మకొండలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. భోజనాల దగ్గర మా మామ అందరి ముందు అన్నాడు: "నీ గుండెకే గ్యారంటీ లేదు, నూటా ఎనభై మందిని ఎట్ల మోస్తవురా? నీ విమానం నేనైతే ఎక్క." నవ్వుతూనే అన్నాడు కానీ ఆ తర్వాత బగారా అన్నం నాకు గొంతు దిగలేదు.

సంగతి ఏంటంటే నాకు 31 ఏళ్లు, ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కోపైలట్‌ని. రెండేళ్ల కిందట క్లాస్ 1 మెడికల్ (పైలట్లకు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష) రెన్యువల్‌కి వెళ్తే డాక్టర్ స్టెతస్కోపు ఒకచోట పెట్టి, ఆగి, మళ్లీ అక్కడే పెట్టాడు. మర్మర్, అంటే గుండె చప్పుడులో తేడా శబ్దం వినిపిస్తోందన్నాడు. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్, అంటే మూడు రేకులు ఉండాల్సిన చోట పుట్టుకతోనే రెండే. అన్నేళ్ల ఈసీజీల్లో ఎప్పుడూ ఏమీ కనపడలేదు మరి. టెంపరరీ అన్‌ఫిట్ రాశారు. ఎనిమిది నెలలు ఇంట్లో, ఈఎంఐలు మాత్రం ఆగవు కదా. బెంగళూరులోని విమానయాన వైద్య సంస్థ ఐఏఎంలో పరీక్షలన్నీ అయ్యాక, పక్కన పూర్తి అర్హత ఉన్న ఇంకో పైలట్ ఉంటేనే నడపాలి, ఏటా ఎకో చూపించాలి అన్న షరతుతో మళ్లీ ఫిట్ ఇచ్చారు. వాల్వ్ లీకు స్వల్పం, బృహద్ధమని (గుండె నుంచి రక్తం బయటికి పోయే పెద్ద నాళం) వెడల్పు 37 మిల్లీమీటర్లు.

మొహమాటం లేకుండా చెప్పండి. మీరైతే ఎక్కుతారా?

కరీంనగర్ ప్యాసింజర్

ఎక్కను. నీ మీద కోపం కాదు సోదరా, డబ్బులు కట్టి ఎక్కేవాడిగా చెప్తున్నా. 1972లో లండన్ హీత్రూ నుంచి లేచిన ట్రైడెంట్ విమానం రెండు మూడు నిమిషాల్లోనే స్టెయిన్స్ దగ్గర కూలి 118 మంది పోయారు. పోస్టుమార్టంలో కెప్టెన్ గుండె రక్తనాళాల్లో జబ్బు బయటపడింది. ఆ రోజు విమానం నడిపే సిబ్బందే ముగ్గురున్నారు, మరి ఏమైంది? "పక్కన ఇంకొకరు ఉంటారు" అనేది ధైర్యానికి చెప్పే మాట. ఉద్యోగాలు వేరేవి లేవా, గ్రౌండ్‌లో చేసుకోవచ్చు.

ఎంజీఎం గల్లీ డాక్టర్

అన్నా, స్టెయిన్స్‌ని ఇక్కడికి తెస్తే లెక్క తప్పుతుంది. అక్కడ జబ్బు గుండెకు రక్తం ఇచ్చే నాళాలది, అది ముందు చెప్పకుండా ఒక్కసారిగా మీద పడుతుంది. వాల్వ్ జబ్బు చాలావరకు నెమ్మదిగా ముదురుతుంది. లీకు ఎంత, రంధ్రం ఎంత బిగిసింది, బృహద్ధమని ఎంత ఉబ్బింది అన్నది ఎకోలో ఏటా కొలిచి చూసుకోవచ్చు. బృహద్ధమని 50-55 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఆపరేషన్ మాట ఎత్తుతాం, ఇతనిది 37. బైకస్పిడ్ నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు.

విమానయాన వైద్యంలో ఒక శాతం రూల్ అని ఒకటుంది. ఇద్దరు పైలట్లు ఉండే విమానంలో, ఒక పైలట్ ఉన్నట్టుండి చేతకాని స్థితిలోకి వెళ్లే ముప్పు ఏడాదికి ఒక శాతం లోపు ఉంటే ఒప్పుకోవచ్చు అని. టేకాఫ్, ల్యాండింగ్ దగ్గరి కొద్ది నిమిషాలే నిజమైన గండం, మిగతా సమయంలో రెండోవాడు అందుకోవచ్చన్న లెక్క మీద కట్టిందది. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అయితే వాల్వ్ మార్పించుకున్న పైలట్లకు కూడా ఒక్కో కేసు చూసి స్పెషల్ ఇష్యుయెన్స్, అంటే ప్రత్యేక మెడికల్ అనుమతి ఇస్తుంది. మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే, 2021 ఆగస్టులో మస్కట్ నుంచి ఢాకా పోతున్న బంగ్లాదేశ్ ఎయిర్‌లైన్స్ బిమాన్ విమానంలో కెప్టెన్‌కు గుండెపోటు వస్తే కోపైలట్ నాగ్‌పూర్‌లో సురక్షితంగా దించాడు.

కాజీపేట లోకో

తమ్ముడూ, నేను రైలు తోలేవాణ్ని. మా ఇంజిన్లో ఒక డబ్బా ఉంటుంది, నిమిషం పాటు నేను ఏ మీటా కదల్చకపోతే లైటు, తర్వాత బజర్, అప్పటికీ పలక్కపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అంటే డ్రైవర్ కూలబడతాడని రైల్వే ముందే అనుకుని పెట్టింది. దాన్ని చూసి ఎవడూ రైలు ఎక్కడం మానలేదు.

నన్ను కలవరపెట్టేది వేరే. నువ్వు నిజం బయటపడ్డందుకు ఎనిమిది నెలలు జీతం లేక కూర్చున్నావు. ఇది చూసిన ఇంకో పిల్లగాడు ఆయాసం వస్తే మెడికల్‌లో నోరు విప్పుతాడా? యాభై లక్షలు అప్పు తెచ్చి లైసెన్సు తెచ్చుకున్నవాడు? విప్పడు. కరీంనగర్ అన్న ఎక్కబోయే విమానంలో అసలు భయపడాల్సింది వాడికి, నీకు కాదు.

జమ్మికుంట అక్క

నాకు ఉన్నది మెకానికల్ వాల్వ్ తమ్మీ. చిన్నప్పుడు గొంతు నొప్పులు, కీళ్ల వాపులు వచ్చి పోయేవి, ఎవరూ పట్టించుకోలేదు. 26 ఏళ్లకు మైట్రల్ వాల్వ్ (గుండెలో ఇంకో వాల్వ్) బిగుసుకుపోయింది. రుమాటిక్ అంటారు, మన పల్లెల్లో నాలాంటోళ్లు ఎందరో. రోజూ రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ గోలీ, అది సరిపోతోందా అని చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష, పాలకూర ఎక్కువ తింటే ఒక తంటా, గోలీ ఎక్కువైతే చిగుళ్ల నుంచి రక్తం. రాత్రి నిశ్శబ్దంలో నా వాల్వ్ టిక్కుటిక్కుమని మా ఆయనకు కూడా వినపడుతుంది. అందుకే చెప్తున్నా, "వాల్వ్ జబ్బు" అని అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను విమానం నడుపుతానంటే నేనే వద్దంటా. నీది వేరు.

మామునూరు గాలిపటం

అక్కా, ఆ టిక్కుటిక్కు మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఒకటి చెప్పడం మరిచిపోయాను. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, ఇంట్లో వాళ్లందరికీ ఎకో తీయించమన్నారు. అమ్మకు, చెల్లికి మూడు రేకులే. బాపుకు రెండు. బృహద్ధమని 43. బాపు 29 ఏళ్లు ములుగు, ఏటూరునాగారం రూట్లో బస్సు తోలాడు, మేడారం జాతరప్పుడు లోపల ఎంతమంది ఉండేవారో మీకు తెలుసు. పక్కన కోపైలట్ లేడు, బజర్ లేదు, ఎకో తీయించుకో అని అడిగినవాడూ లేడు. ఆ బస్సులో మా మామ ఎన్నిసార్లు టికెట్ లేకుండా వచ్చాడో లెక్కే లేదు.

కరీంనగర్ ప్యాసింజర్

బాపు సంగతి విని బాధేసింది, కానీ పోలిక కుదరదు. బస్సు రోడ్డు పక్కన ఆగుతుంది. నువ్వు 35 వేల అడుగుల మీద ఎక్కడ ఆపుతావు? డాక్టర్ గారి ఒక శాతం కాగితం మీద బాగుంటుంది, ఆ ఒకటిలో నా పిల్లలుంటే? కాజీపేట అన్న చెప్పిన దాచిపెట్టే సంగతి మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. గ్రౌండ్ చేసినన్నాళ్లు జీతం కంపెనీయే ఇవ్వాలని రూల్ పెడితే నేను సంతకం పెడతా. విమానం మాత్రం ఎక్కను.

ఎంజీఎం గల్లీ డాక్టర్

గాలిపటం, బాపుకు బీపీ ఎంత? 43 అంటే కంగారు వద్దు, కానీ బీపీ అదుపులో లేకపోతే వద్దన్నా కంగారు పడాలి. వడ్ల బస్తాలు ఎత్తనివ్వకు.

మామునూరు గాలిపటం

150/90 డాక్టర్ గారూ. గోలీ మొదలుపెట్టారు. బస్తాల విషయంలో మాట వినడు, నిన్న కూడా నేను చూడనప్పుడు రెండు ఎత్తాడని చెల్లి చెప్పింది. ఇక్కడ వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి ఒకటే పాట, "నువ్వు ఇక్కడ దిగిన రోజు మొదటి టికెట్ నాది" అని. మామకు రెండోది కొంటాడట.