ఇంగ్లీష్ వాక్యంలో ఏ మాట ఎక్కడ, కామా ఎక్కడ? – ప్రాజెక్ట్ రిపోర్ట్ సందేహం

ప్రశ్న (హన్మకొండ, డిగ్రీ ఫైనలియర్): సార్, మిర్చి వేలం మీద ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తున్న. "రీచింగ్ ఎనుమాముల మార్కెట్, ది ఆక్షన్ వాజ్ ఓవర్" అన్న వాక్యం కింద ఎర్రగీత పడ్డది. కామా పెట్టిన కదా, ఇంక తప్పేంది?

జవాబు: తమ్ముడూ, కామా ఉండాల్సిన చోటనే ఉంది. తప్పు 'రీచింగ్'ది. '-ఇంగ్'తో మొదలుపెడితే ఆ పని చేసిందెవరో కామా దాటంగనే కనపడాలె. నీ వాక్యంల కామా దాటితే 'ఆక్షన్' ఉంది. అంటే మార్కెట్‌కు చేరింది వేలం అయింది! తెలుగులోనే అని చూడు: "మార్కెట్‌కు చేరుకుని వేలం అయిపోయింది" అనం, "చేరుకునేసరికి అయిపోయింది" అంటం. 'చేరుకుని' అతికే చోట '-ఇంగ్' నడుస్తది. 'చేరుకునేసరికి' కావాల్సిన చోట 'వెన్' పెట్టి కర్తను రాయి: "వెన్ వీ రీచ్డ్ ఎనుమాముల మార్కెట్, ది ఆక్షన్ వాజ్ ఓవర్." '-ఇంగ్' ఉంచాలనుకుంటే కామా తర్వాత మనిషిని తేవాలె: "రీచింగ్ ఎనుమాముల మార్కెట్, వీ ఫౌండ్ దట్ ది ఆక్షన్ వాజ్ ఓవర్."

ఇంకొకరు: ఈ పరీక్ష మంచిదే, కానీ ఒకచోట మోసం చేస్తుంది. "వాన పడి చెరువు నిండింది" తెలుగులో తప్పు కాదు. పడింది వాన, నిండింది చెరువు. కారణం చెప్పేటప్పుడు తెలుగు ఒప్పుకుంటుంది. అలవాటుకొద్దీ "ఫాలింగ్ హెవీలీ, ది ట్యాంక్ ఫిల్డ్" అని రాస్తే చెరువే పడ్డట్టు అవుతుంది. "బికాజ్ ఇట్ రెయిన్డ్ హెవీలీ, ది ట్యాంక్ ఫిల్డ్" అని రాయాలి.

ప్రశ్న: 'ఓన్లీ' ఎక్కడ పెట్టాల్నో కూడా సమజైతలేదు.

జవాబు: తెలుగుల నొక్కి చెప్పే '-ఏ' ('నేనే', 'ఫీజే'ల చివర ఉన్నది) ఏ మాటకు తగుల్తదో, రాతల 'ఓన్లీ' సరిగ్గా ఆ మాట ముందు ఉండాలె. నేనే ఫీజు కట్టిన: "ఓన్లీ ఐ పెయిడ్ ది ఫీ." ఫీజే కట్టిన, ఫైన్ కట్టలేదు: "ఐ పెయిడ్ ఓన్లీ ది ఫీ." "ఐ ఓన్లీ పెయిడ్ ది ఫీ" మాటల్ల చెల్లుతది, రిపోర్ట్‌ల మాత్రం రెండర్థాలొస్తయి. 'విత్' కూడా గంతే. "ఎ సారీ ఫర్ మై మదర్ విత్ ఎ రెడ్ బార్డర్" అంటే అంచు అమ్మకు పోతది. 'సారీ' పక్కకే జరుపు: "ఎ సారీ విత్ ఎ రెడ్ బార్డర్ ఫర్ మై మదర్."

ఇంకొకరు: 'హూ', 'విచ్' దగ్గర కామాల సంగతి చెప్పాలి, మనకు ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. "కాజీపేటలో ఉండే మా అన్న" అంటే ఉన్నది ఒక్క అన్నా, నలుగురిలో ఒకరా అన్నది తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీష్‌లో కామా చెప్పేస్తుంది. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ కాజీపేట్, ఈజ్ ఎ టీచర్" అంటే ఒక్కడే అన్న. కామాలు తీసేస్తే, పలువురిలో కాజీపేట ఆయన. రామప్ప గుడి ఒక్కటే కాబట్టి కామాలు తప్పవు: "రామప్ప టెంపుల్, విచ్ ఈజ్ ఇన్ పాలంపేట్, బికేమ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ ఇన్ 2021." మొదటి కామా పెట్టి, 'పాలంపేట్' తర్వాతది మర్చిపోతారు. ఇవి జంట కామాలు. ఉంటే రెండూ ఉండాలి.

ప్రశ్న: మరి "స్టూడెంట్స్ హూ ఫెయిల్డ్ ఇన్ ది ల్యాబ్ ఎగ్జామ్, షుడ్ మీట్ ది హెచ్‌ఓడీ" కరెక్టేనా?

జవాబు: కాదు, ఆ కామా తీసెయ్. చదివేటప్పుడు అక్కడ ఊపిరి ఆగుతదని పెడుతున్నరు. 'స్టూడెంట్స్' నుంచి 'ఎగ్జామ్' దాకా అంతా కలిసి ఒక్కటే కర్త, 'షుడ్ మీట్' దాని క్రియ. కర్త ఎంత పొడుగున్నా, క్రియకూ దానికీ నడుమ ఒంటి కామా రాదు. పోనీ అని 'స్టూడెంట్స్' తర్వాత ఇంకో కామా పెట్టి జంట చేస్తివా, స్టూడెంట్లంతా ఫెయిలైనట్టే!