లేక్ సర్ఫింగ్ ఫొటోల వల్ల నీళ్లకి ఒరిగేదేమైనా ఉందా?

అలలపిచ్చి:
గ్రేట్ లేక్స్, అంటే అమెరికా-కెనడా సరిహద్దులో ఉన్న అయిదు పెద్ద మంచినీటి సరస్సుల మీద తీసిన సర్ఫింగ్ ఫొటోలు ఈమధ్య తెగ చూస్తున్నా. అమెరికాలో డులూత్ ఊరి దగ్గర స్టోనీ పాయింట్‌లో చలికాలం తుఫాను గాలికి లేచే అలలు, సర్ఫర్ల గడ్డాల నిండా మంచు, కింద "సేవ్ వాటర్" అని క్యాప్షన్. చాలామంది కొట్టిపారేస్తున్నారు గానీ నాకైతే ఇవి పనికొస్తాయనే అనిపిస్తుంది, ఎందుకంటే అంతెత్తు అల చూసి సముద్రం అనుకున్నవాడికి అది తాగే నీళ్లు అని తెలిస్తే ఒక్క క్షణం ఆగుతాడు కదా. భూమ్మీద ఉపరితల మంచినీళ్లలో దాదాపు 20 శాతం ఈ అయిదు సరస్సుల్లోనే ఉంది.

నీటిబొట్టు:
ఆగుతాడు, లైక్ కొడతాడు, పోతాడు. అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. లేక్ మిషిగన్ ఫొటోల్లో నీళ్లు అద్దంలా ఉంటే అబ్బ ఎంత క్లీన్‌గా ఉందో అని కామెంట్లు పెడతారు, అది క్లీన్ కాదండీ, క్వాగా మసెల్స్ అనే ఆల్చిప్పల పని. ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీళ్లతో వచ్చిపడి, నీళ్లలో ఉన్న ప్లాంక్టన్ (కంటికి ఆనని చిన్న జీవులు) అంతా వడకట్టి తినేస్తున్నాయి, చేపపిల్లలకి తిండి లేకుండా పోతోంది. అంటే ఫొటో ఎంత అందంగా వస్తే జబ్బు అంత బాగా దాక్కుంటోంది. ఇది సంరక్షణ ఎలా అవుతుంది?

కెమెరాకన్ను:
నీటిబొట్టు గారి మాటకి తోడు ఇంకోటి. 1969 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది మీద తేలే నూనె, చెత్త అంటుకుని నదే మండింది, ఆ నీళ్లు వెళ్లేది లేక్ ఈరీలోకే. టైమ్ పత్రిక ఆ వార్తతో వేసిన ఫొటో 1969ది కాదు, అదే నది 1952లో అంటుకున్నప్పటిది! అయినా జనం కదిలారు, 1972లో నీళ్ల కాలుష్యాన్ని అదుపు చేసే క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చింది. ఆ ఒక్క ఫొటో వల్లే చట్టం వచ్చిందని నేననను. కానీ కదిలించింది వికారమైన బొమ్మే, అందమైంది కాదు.

అలలపిచ్చి:
ఆల్చిప్పల సంగతి ఒప్పుకుంటా, క్యాప్షన్‌లో అది రాయకపోతే తప్పే. కానీ ఇద్దరూ ఒకటి వదిలేశారు. అక్కడ బీచ్ నీళ్లకి టెస్టులు చేసేది ఎక్కువగా వేసవిలో, ఈతగాళ్ల కోసం. మంచి అలలు వచ్చేదేమో ఆకురాలే కాలంలో, చలికాలంలో, అంటే టెస్టులు ఆగిపోయాక జనం నీళ్లలో ఉంటున్నారు. ఉన్నారని చూపించడానికి ఈ ఫొటోల కంటే సాక్ష్యం ఏముంది? 2017 ఏప్రిల్‌లో ఇండియానాలో పోర్టేజ్ దగ్గర యూఎస్ స్టీల్ ప్లాంట్ నుంచి హెక్సావలెంట్ క్రోమియం అనే విషపదార్థం బర్న్స్ వాటర్‌వే అనే కాలువలో పడింది, అక్కణ్ణుంచి మిషిగన్ సరస్సు ఎంతో దూరం లేదు. 2018 జనవరిలో సర్ఫర్లు పెట్టుకున్న తీర సంరక్షణ సంస్థ సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ కోర్టుకెక్కింది, చికాగో నగరం కూడా కేసేసింది. ఆ నీళ్లలో మునిగేవాళ్లకే కదా ముందు మండుతుంది. తేదీ, చోటు ఉన్న ఫొటో అయితే రేపు అధికారుల ముందు పెట్టొచ్చు.

నీటిబొట్టు:
ఇది బావుంది, ఈ లెక్కన అయితే నేనూ మీ వైపే. కానీ సర్ఫర్లు స్పాట్ పేరు ప్రాణం పోయినా చెప్పరు కదా, జనం ఎగబడతారని. తేదీ లేదు చోటు లేదు అంటే మళ్లీ వాల్‌పేపరే.

కెమెరాకన్ను:
స్పాట్ పేరు అక్కర్లేదు, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఏ రోజు, దగ్గర్లో ఏ కాలువ కలుస్తుందో రాస్తే చాలు. ఫైల్‌లో టైమ్ ఎలాగూ ఉంటుంది, అప్‌లోడ్ చేసేటప్పుడు దాన్ని చెరపకుండా ఒరిజినల్ దాచుకోవాలి. ఇంకా, అలలు లేని రోజు కూడా అదే చోట నిలబడి ఒకటి తీయాలి. లేక్ ఈరీలో నాచు పచ్చగా పేరుకునేది ఎండాకాలంలో, అలలు పెద్దగా లేనప్పుడే, 2014 ఆగస్టులో టొలీడోలో లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నది దానివల్లే. ఆ రోజు ఏ సర్ఫ్ ఫొటోగ్రాఫరూ బయటికి రాడు.

అలలపిచ్చి:
వస్తే బావుంటుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టమని అడుగుతా తెలిసినవాళ్లని.