రాత్రిపూట కనిపించే దారి బోర్డులు ఎలా చేయించాలి?

సంక్రాంతి సెలవుల్లో విజయనగరం అయోధ్య మైదానంలో చిన్న ఫుడ్ ఫెస్టివల్ పెడుతున్నాం. దారి బోర్డుల పని నా నెత్తిన పడింది. రద్దీ అంతా చీకటి పడ్డాకే, పైగా మంచు. మామూలు ఫ్లెక్స్ మీద ఫోకస్ లైటు పడితే మెరుపు తప్ప అక్షరం కనిపించదు.

పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలంటారు గానీ అది ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల లెక్క. మనకి ‘అరిసెలు’ బాగానే కనిపిస్తుంది, ‘మరుగుదొడ్లు’ దగ్గరికొస్తే ల వత్తు ముద్దయిపోతుంది. జనం ఎక్కువగా వెతికేదేమో ఆ బోర్డే!

వత్తులున్న మాటలకి సైజు ఎంత పెంచాలి? మ్యాట్ ఫ్లెక్స్ మేలా, సన్‌ప్యాక్ షీటు (గట్టి ప్లాస్టిక్ అట్ట) మీద వెలుగు పడితే మెరిసే రేడియం స్టిక్కరా? గుంపులో తలలు అడ్డురాకుండా బాణాలు ఎంత ఎత్తున కట్టాలి? చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి బాబూ, ప్రింటింగ్‌కి ఈ వారమే ఇచ్చేయాలి.