పునాది మన్నులో బీన్స్ వేశాను, వేళ్ళకు ఒక్క బుడిపె లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (కె.ఆర్.పురం నుంచి)

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, పదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. ఇంటి పక్కన మాదే 30×40 అడుగుల సైటు ఖాళీగా ఉంది. ఇల్లు కట్టినప్పుడు పునాదుల్లోంచి తీసిన ఎర్రమన్నంతా అందులోనే పరిచాం. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని తామే తీసుకుంటాయి, సత్తువ లేని నేలలో కూడా వస్తాయి అని విని జూన్‌లో బీన్స్, ఒక పక్కగా అలసందలు వేశాను. ఇరవై రోజులకే కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయి. టెన్షన్ పడి రెండు కిలోల యూరియా చల్లాను. వారంలో పచ్చబడ్డాయి, నాలుగు పెద్ద వానలు పడేసరికి మళ్ళీ పాలిపోయాయి. నిన్న ఒక బీన్స్ మొక్క పీకి చూస్తే వేరుకు ఒక్క బుడిపె లేదు. నేను విన్నది తప్పా, మా నేలలోనే లోపం ఉందా? మళ్ళీ యూరియా వేయాలా?

జవాబు (హోసకోటె దగ్గర సాగు చేసే సభ్యుడు)

ఇక యూరియా వేయొద్దమ్మా. మీరు విన్నది నిజమే, కానీ మీకు సగమే చెప్పారు. నత్రజనిని పట్టేది మొక్క కాదు, దాని వేరు బుడిపెల్లో కాపురముండే రైజోబియం బాక్టీరియా. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెర పెట్టి పోషిస్తుంది. ఆ చక్కెర మొక్కకు ఊరికే రాదు కదా! అందుకే వేరు చుట్టూ యూరియా దొరుకుతుంటే బుడిపెలు కట్టడం మానేస్తుంది. మొలక నిలదొక్కుకునేందుకు పప్పుధాన్యాలకు ఎకరాకు 8 కిలోల నత్రజని చాలంటారు. ఎకరాలో మీ సైటులాంటివి 36 వస్తాయి. ఆ లెక్కన మీకు అర కిలో యూరియా కూడా పట్టదు. మీరు వేసింది దానికి నాలుగింతలు.

ఇక ఆ మన్ను. లోతులోంచి వచ్చింది, అందులో పంట అన్నదే పండలేదు. సేంద్రియ పదార్థమూ లేదు, ఈ బాక్టీరియా కూడా ఉండీ లేనట్టే. పైగా ప్రతి మొక్కకూ ప్రతి బాక్టీరియా కుదరదు. అలసంద, పెసర, కంది, వేరుశనగ, అనప, జనుము ఇంచుమించు ఒకే గుంపుతో సర్దుకుపోతాయి. బీన్స్‌కు వేరే రకం కావాలి. అది దొరికినా నత్రజని పట్టడంలో బీన్స్ కొంచెం బలహీనమే. కాబట్టి బీన్స్‌ను చూసి నేలను తప్పుపట్టకండి, అలసంద వేరు చూడండి. మొక్కను పీకొద్దు, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్ళలో నానబెట్టి కడగండి. బుడిపెను గోటితో కోసి లోపలి రంగు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మూడు అలసంద మొక్కలు తీశాను. రెండింటికి ఆవగింజంత బుడిపెలు ఐదారు ఉన్నాయి, లోపల తెల్లగా ఉంది. మూడోదానికి వేరంతా ఉబ్బి పూసల దండలా కనిపిస్తోంది. అది మంచిదే కదా?

జవాబు (మైక్రోబయాలజీ చదివిన సభ్యురాలు)

ఆ మూడోది మంచిది కాదక్కా. బుడిపె వేరు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో తోస్తే ఊడివస్తుంది. వేరు తానే లావెక్కి, తోసినా ఊడకపోతే అది మట్టిలో ఉండే నులిపురుగులు (నెమటోడ్లు) కట్టిన గడ్డ. ఆ మొక్కను వేళ్ళతో సహా తీసేయండి, కంపోస్టులో మాత్రం వేయకండి.

తెల్ల బుడిపె అంటే ఇంకా పని మొదలవలేదని. పనిచేసే బుడిపె లోపల గులాబీ ఎరుపుగా ఉంటుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం, లెగ్‌హిమోగ్లోబిన్ అని, ఆ రంగు దానిదే. నత్రజనిని మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, బాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను తన దగ్గర పట్టి ఉంచుకుని, అవసరమైనంతే అందిస్తుంది. కాలేజీలో మొదటిసారి ఆ ఎరుపు చూసినప్పుడు ఒక మొక్క వేరులో రక్తం లాంటిది ఉందా అని ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో.

మీకు జరిగినదాన్నే 1880లలో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రవేత్తలు కావాలని చేసి చూశారు. సూక్ష్మజీవులు లేకుండా చేసిన ఇసుకలో బఠాణీ వేస్తే మొక్కలు నీరసించాయి, పొలం మట్టి కలిపిన నీళ్ళు పోస్తే కోలుకున్నాయి. మీరు పొలం మట్టి తేవద్దు, దాంతో నులిపురుగులు కూడా వస్తాయి. ఈ బాక్టీరియాను పెంచి అమ్మే కల్చర్ ప్యాకెట్ తెచ్చుకోవడమే మేలు.

జవాబు (హోసకోటె సభ్యుడు)

చెల్లెమ్మ చెప్పింది సరైన మాట. అమ్మా, ముందు మట్టి పరీక్ష చేయించండి. మన చుట్టుపక్కల ఎర్రనేలలు చాలావరకు ఆమ్ల గుణంవి. పీహెచ్ 5.5 కంటే తక్కువ వస్తే ఎంత సున్నం వేయాలో అడగండి, బాగా పుల్లబడిన నేలలో ఈ బాక్టీరియా నిలవదు. భాస్వరం కూడా తప్పనిసరి, చక్కెరలోని శక్తి బుడిపె పనికి అందాలంటే అది కావాలి. సైటుకు మూడున్నర కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, దొరికినంత మాగిన పశువుల ఎరువు వేయండి. సున్నం, ఫాస్ఫేట్ ఒకే రోజు కలిపి వేయకండి.

కల్చర్ కోసం రైత సంపర్క కేంద్రలో (వ్యవసాయ శాఖ ఆఫీసు) గానీ జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) గానీ అడిగి చూడండి. అలసంద గుంపుకు సరిపడే రైజోబియం అని చెప్పండి, గడువు తేదీ చూసి తీసుకోండి. చల్లార్చిన బెల్లం నీళ్ళలో కలిపి గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తండి. రంగు పూసిన మందు విత్తనం కాకుండా మామూలు గింజ తీసుకోండి. సగం సైటులో, ముఖ్యంగా ఆ నులిపురుగు కనిపించిన వైపు, జనుము చల్లండి. దాని వల్ల ఆ పురుగు కూడా తగ్గుతుంది. మిగతా సగంలో అనప.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా. అనప అనగానే ఇంట్లో అందరికీ పితికిపప్పు మీదికి మనసు పోయింది. కాయలన్నీ మేమే కోసుకుంటే నేలకు ఏమైనా మిగులుతుందా?

జవాబు (హోసకోటె సభ్యుడు)

మొక్క పట్టిన నత్రజనిలో పెద్ద వాటా గింజలోకే పోతుందమ్మా. కాయలు నిరభ్యంతరంగా కోసుకోండి, మొక్కను మాత్రం పీకి బయట పారేయకండి. మొదలుకి కోసి వేరును నేలలోనే వదిలేయండి. తీగ, ఆకు, కాయ తొక్కలు అక్కడే పరిచేయండి. జనుములోంచి మనం ఏమీ తీసుకోం కాబట్టి అసలు సత్తువ ఆ సగానికే వస్తుంది. సుమారు 45 రోజులకు పూతకొస్తుంది, కాండం ముదరకముందే కోసి మట్టిలో కలిపేయండి. పదిహేను రోజులు ఆగి తర్వాతి విత్తనం వేయండి. అనప విత్తిన నెల తర్వాత ఒక మొక్క లేపి, బుడిపె కోసి, ఫొటో ఇక్కడే పెట్టండి. ఎరుపు కనిపిస్తే ఇక దానికి యూరియా అక్కర్లేదు.