శాటిలైట్ బొమ్మల ఫార్మాట్ మార్చాక శెనక్కాయ చేల ఎన్‌డీవీఐ (పచ్చదనం చూపే అంకె) పడిపోయింది, పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది వాటర్‌షెడ్ పనులు చేసే చిన్న ఆఫీసు. మ్యాపుల పని నేనొక్కదాన్నే చూస్తాను. 2018 నుంచి సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మలు దించి పెట్టుకున్నాను. అవి జేపీ2 అనే ఫార్మాట్ ఫైళ్లుగా వస్తాయి. మా పాత కంప్యూటర్‌లో శింగనమల చెరువు దగ్గరికి జూమ్ చేస్తే చాలాసేపు తెర తెల్లగానే ఉండిపోతుంది. అందుకని అన్నిటినీ జెడ్‌స్టాండర్డ్ అనే కంప్రెషన్‌తో (సైజు తగ్గించే పద్ధతి) క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ అనే మ్యాపు ఫార్మాట్‌లోకి మారుస్తున్నాను. ఇప్పుడు చెరువున్న ముక్క వరకే చదువుకుంటుంది, వెంటనే తెరుచుకుంటుంది.

కళ్యాణదుర్గం పక్క కొన్ని శెనక్కాయ చేలను ఏటా ఆగస్టు చివర చూస్తాం. కొత్త ఫైళ్లతో లెక్క వేస్తే 2021లో ఎన్‌డీవీఐ 0.5 దగ్గర ఉంది, 2022లో 0.33కి పడిపోయింది. కానీ 2022లో ఆ చేలల్లో నేనే తిరిగాను. పైరు పచ్చగా ఉంది, ఫోటోలున్నాయి. కొత్త ఫార్మాట్ అంకెలు పాడుచేసిందని, పాతదానికే వెళ్దామని మా సార్ అంటున్నారు. పంట నష్టం రిపోర్టులు వీటి మీదే రాస్తాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు)

మేడమ్, జెడ్‌స్టాండర్డ్ ఒక్క అంకెను కూడా మార్చదు. విప్పితే లోపల పెట్టినదే బయటికొస్తుంది. జేపెగ్ వాడి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. అది గోడకు అతికించే మ్యాపుకు సరిపోతుంది కానీ లెక్కలకు పనికిరాదు. అయినా నా మాట నమ్మి వదిలేయకండి. జీడాల్ (మ్యాపు ఫైళ్లు మార్చే సాఫ్ట్‌వేర్)లోని జీడాల్‌ఇన్ఫోలో చెక్‌సమ్ (ఫైల్‌లోని అంకెలన్నిటి నుంచి లెక్కకట్టే నంబరు) అడిగి పాత, కొత్త ఫైళ్లవి పోల్చండి. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో ఒకదాన్లోంచి ఇంకోటి తీసేసినా చాలు, అంతటా సున్నా రావాలి. అది తేలేదాకా పాత ఫైళ్లు డిలీట్ చేయొద్దు.

ప్రశ్న అడిగినవారు

రెండూ చేశాను సార్. బ్యాండ్ 4 (ఎరుపు), బ్యాండ్ 8 (నియర్ ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడని కాంతి) రెండింటి చెక్‌సమ్‌లూ కలిశాయి, తీసివేత అంతా సున్నా. మరి 2022 ఎందుకు పడిపోయింది?

జవాబు (కడప)

అక్కా, ఇది కంప్రెషన్ తప్పు కాదు. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ప్రాసెసింగ్ బేస్‌లైన్ (బొమ్మలు తయారుచేసే పద్ధతి వెర్షన్) 04.00కి మారింది. అప్పటి నుంచి ప్రతి బ్యాండ్ విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. మనం దాన్ని తీసేసి వాడుకోవాలి. ఒక చేనులో నియర్ ఇన్‌ఫ్రారెడ్ 3000, ఎరుపు 1000 అనుకోండి. తేడా 2000, మొత్తం 4000, తేడాను మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ 0.5. రెండింటికీ వెయ్యేసి కలిస్తే తేడా 2000గానే ఉంటుంది, మొత్తం 6000 అవుతుంది. 0.33 వస్తుంది. మీకు వచ్చింది అదే.

తేదీ ఒక్కటే చూసి 1000 తీసేయకండి. పాత బొమ్మలను కూడా తర్వాత మళ్లీ ప్రాసెస్ చేసి, ఇదే 1000 కలిపి ఇచ్చారు. ఒరిజినల్ ఫోల్డర్ పేరులో ఎన్0400 లాంటి ముక్క ఉంటుంది. 0400, అంతకన్నా పెద్ద నంబరైతే తీసేయాలి. సున్నా ఉన్న చోట్ల డేటా లేదని అర్థం, వాటిని అలాగే వదలండి.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, నా పొరపాటు ఇప్పుడు దొరికింది. మార్చేటప్పుడు పేర్లు పొడవుగా ఉన్నాయని తేదీ, టైల్ (బొమ్మ ఏ చదరానిదో చెప్పే కోడ్) మాత్రమే ఉంచాను. ఆ నంబరు నేనే తీసేశాను. ఒరిజినల్ ఫోల్డర్లు ఇంకా డిస్కులో ఉండబట్టి సరిపోయింది. 1000 తీసేసి చూస్తే 2022 కూడా 0.5 దాటింది. ఫోటోలతో పాటు సార్‌కు చూపించాను. ఇక కొత్త ఫైల్ పేర్లలో బేస్‌లైన్ నంబరు కూడా ఉంచుతాను. ఇంకో సంగతి, రాయదుర్గం ఫీల్డ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో పాత క్యూజీఐఎస్ (మ్యాపులు చూసే సాఫ్ట్‌వేర్) ఉంది, అందులో ఈ ఫైళ్లు తెరుచుకోవడం లేదు.

జవాబు (కర్నూలు)

దానికి జెడ్‌స్టాండర్డ్ తెలియకపోయుంటుంది. వాళ్లకిచ్చే కాపీలు డిఫ్లేట్ అనే పాత కంప్రెషన్‌తో చేయండి. సైజు కొంచెం పెరగొచ్చు కానీ ఎంత పాతదాన్లోనైనా తెరుచుకుంటుంది, అంకెలూ చెక్కుచెదరవు. చెరువు, పొలం, బీడు అని 1, 2, 3 కోడ్‌లు వేసిన మ్యాపులు మార్చేటప్పుడు రీశాంప్లింగ్ (దూరం నుంచి చూసే చిన్న కాపీలకు అంకెలు ఎంచే పద్ధతి) నియరెస్ట్ అని చెప్పడం మరవొద్దు. కలర్ టేబుల్ (ఏ కోడ్‌కు ఏ రంగో చెప్పే పట్టిక) లేని ఫైల్‌కు జీడాల్ తనంతట తాను క్యూబిక్ వాడుతుంది, అది పక్కపక్క కోడ్‌లను కలిపేస్తుంది. 1, 3 కలిసి 2 అయిపోయి, దూరం నుంచి చూసినప్పుడు చెరువు గట్టు వెంబడి లేని పొలాలు కనిపిస్తాయి.