పడమటి ఎలివేషన్‌కి అద్దాలా, జాలీనా?

పద్మ_ఆర్కిటెక్ట్ (బల్లార్షా): వేడి ఊళ్ళలో ఎలివేషన్, అంటే బిల్డింగు బయటి ముఖం, ఎలా ఉంటే కరెంటు తక్కువ కాలుతుందన్నది నా పరిశోధన. మే నెలలో 47, 48 డిగ్రీలు చూసే మన చాందా (చంద్రపూర్) జిల్లాలో కూడా కొత్త బిల్డింగులకు పడమటి ముఖం నిండా అద్దమే. సాయంత్రం నాలుగింటి ఎండ ఏటవాలుగా కొడుతుంది, పైనున్న సన్‌షేడ్‌కి దొరకదు. మామూలు ఒంటి అద్దం ఆ వేడిలో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. లోపల కర్టెన్ వేసుకున్నా వచ్చిన వేడి వచ్చినట్టే. అదే బయట అడుగు దూరంలో జాలీ, అంటే కన్నాల గోడ, లేపితే ఎండ అక్కడే ఆగుతుంది.

కాంట్రాక్టర్_శీను (చంద్రపూర్): మేడమ్, ఇది బొగ్గు గనుల ఊరు. జాలీ కన్నాల్లో దుమ్ము ఎవరు తుడుస్తారు? పావురాల సంగతేంటి?

బరంపురం_బాబాయ్: మాకు ఎండ కంటే ఉక్క ఎక్కువమ్మా. తొమ్మిదంగుళాల గోడ పగలు తాగిన వేడిని రాత్రి మన మీదికే వదులుతుంది. మా నాన్నగారి పెంకుటింట్లో ఎదురెదురు కిటికీలు తీస్తే చాలు, సముద్రపు గాలి ఆడేది.

రాజు_సిరొంచ: కూలర్ పెట్టుకుంటే పోలా?

బరంపురం_బాబాయ్: ఉక్కలో కూలరా నాయనా! ఒళ్ళు జిడ్డు తప్ప ఏముంది?

పద్మ_ఆర్కిటెక్ట్: బాబాయ్ గారూ, మీకు గాలి ఆడాలి, మాకు ఎండ ఆగాలి. జాలీ రెండూ చేస్తుంది. ఇళ్ళలో కరెంటు పొదుపు కోసం కేంద్రం పెట్టిన నియమావళి, ఎకో నివాస్ సంహిత, 2018లోనే వచ్చింది, శీను గారూ. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంటుంది.

కాంట్రాక్టర్_శీను: అది 500 చదరపు మీటర్ల పైన స్థలాలకు. నేను కట్టేవి అందులో సగం కూడా ఉండవు. పావురాల గురించి అడిగితే సంహిత చదువుతారేంటి?

అద్దాలమేడ_అద్దెవాడు: శీనన్నా, అలాంటి అద్దాల బిల్డింగులోనే రెండో అంతస్తులో ఉంటున్నా. అద్దం తెరుచుకోదు. సాయంత్రం గోడకి చెయ్యి ఆనిస్తే పెనం మీద పెట్టినట్టే. రెండు ఏసీలు, మే నెల బిల్లు తొమ్మిది వేలు. మీరు ఒక్క సాయంత్రం వచ్చి కూర్చోండి చూద్దాం.

కాంట్రాక్టర్_శీను: నన్నెందుకు తిడతావ్? ఓనరు అడిగింది కట్టాను. అద్దం మెరిస్తే కింద షోరూమ్ వస్తుంది, అద్దె పెరుగుతుంది. జాలీ కడితే పాత సర్కారీ క్వార్టర్స్‌లా ఉందంటారు. బిల్లు కట్టేది ఓనరు కాదు కదా, ఆయనకేం పట్టింది!

అద్దాలమేడ_అద్దెవాడు: అదే అన్నా! మెరుపు ఆయనది, చెమట నాది. ఇంతసేపూ పావురాలంటావేంటి మరి?

పద్మ_ఆర్కిటెక్ట్: అద్దె మాట్లాడుకునేటప్పుడు పోయిన మే బిల్లు చూపించమని అడిగారా ఎవరైనా?

అద్దాలమేడ_అద్దెవాడు: అడిగితే ఇల్లిస్తారా మేడమ్?

కాంట్రాక్టర్_శీను: సరే గానీ, రెండంగుళాల కన్నంలో పావురం దూరుతుందా దూరదా? ఆ ఒక్కటీ చెప్పండి.