మారుతి 800 ఇంజిన్ ఇంటి షెడ్డులోనే విప్పి బిగించొచ్చా?

గోదారి_గట్టు:
అన్నలూ, మా నాన్నగారి మారుతి 800, 2007 మోడల్, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ ఉన్నది). ఈమధ్య ఆయిల్ బాగా తాగుతోంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నీలం పొగ. మెకానిక్ చూడగానే "ఇంజిన్ దించాలి, బోరు చేయించాలి" (సిలిండర్ల లోపలి గోడలు కోయించాలని) అనేశాడు, కనీసం ఒక ప్లగ్గయినా విప్పి చూడలేదు. కారు అమ్మడానికి నాన్నగారు ససేమిరా ఒప్పుకోరు. ఇంటి వెనక రేకుల షెడ్డుంది, సాకెట్ సెట్టుంది, బైకు ఇంజిన్ పని వచ్చు. నేనూ మా బావమరిదీ కలిసి దించేద్దామనుకుంటున్నాం. ఏది మేం చేసుకోవచ్చు, ఏది లేత్ షాపుకే ఇవ్వాలి?

పాత_స్పానర్:
తమ్ముడూ, దించే సంగతి తర్వాత, ముందు కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూడు. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ కనెక్టరూ పంపు ఫ్యూజూ లాగేసి, గేజు పెట్టి, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి సెల్ఫ్ కొట్టు. సిలిండర్ల మధ్య తేడా గేజు మీద కేజీ (చదరపు సెంటీమీటరుకి) దాటకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు: రీడింగు పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో హెడ్ గాస్కెట్టో. రాత్రంతా ఆపి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పున పొగ వచ్చి తగ్గిపోతే మాత్రం అనుమానం వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపేవి) మీదే, దానికి ఇంజిన్ దించక్కర్లేదు. పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున చేరే గ్యాసుల్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపేది) మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది, చవక సామాను, అదీ చూడు.

ఆటోనగర్_కుర్రాడు:
ఇంత తలనొప్పి ఎందుకు బ్రో, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ పెట్టేసెయ్. ఓమ్నిలో కూడా 796 సీసీ ఇంజినే, అది 2019 దాకా వచ్చింది కదా, వెతికితే దొరుకుతుంది.

పాత_స్పానర్:
ఇంజిన్ బ్లాకు మీద నంబరు ఒకటి, ఆర్‌సీలో ఇంకొకటి ఉంటే రేపు రెన్యువల్‌కి ఎవరు తిరుగుతారు? పదిహేనేళ్లు దాటిన బండి, ఐదేళ్లకోసారి చూపించాల్సిందే. పైగా ఆ ఇంజిన్ లోపల ఎలా ఉందో ఎవడికి తెలుసు.

ఇల్లే_గ్యారేజ్:
విప్పడం, కడగడం, బిగించడం ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు. కొలవడం, కొయ్యడం లేత్ షాపు పని. బోరు పై అంచున గోరు తగిలితే అరిగిందని అర్థం, కానీ ఎంత అరిగిందో బోర్ గేజు పెడితేనే తెలుస్తుంది. అసలు బోరు 68.5 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజు పిస్టన్లు ముందు కొని, వాటిని చేత్తో పట్టుకెళ్లి ఆ కొలతకే బోరు చేయించు, ముందే కోయించేస్తే సరిపడే పిస్టన్ దొరక్క తిప్పలు పడతావు. హెడ్డు అల్యూమినియం, ఎమరీ పేపరుతో రుద్దొద్దు, ఫేసింగ్ (అడుగు చదును చేయడం) కావాలో వద్దో వాళ్లే చూస్తారు.

బ్లాకు ఇంటికి రాగానే సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి కడుగు, తెల్లగుడ్డతో బోరు తుడిస్తే మసి రాకూడదు. హోనింగ్ (బోరుకి చివర్లో రాయితో పట్టే నగిషీ) పొడి కాస్త మిగిలినా కొత్త రింగుల్ని తినేస్తుంది. ఆరగానే ఆయిల్ రాయి, లేకపోతే సాయంత్రానికే తుప్పు. పిస్టన్ మీద బాణం గుర్తు క్రాంక్ పుల్లీ వైపు ఉండాలి, కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఒకదానివి ఒకదానికి మార్చొద్దు. ప్రతి రింగునీ ముందు బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజుతో (పలచటి కొలత రేకులతో) రింగు కొసల మధ్య గ్యాప్ చూడు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది) లేకుండా హెడ్డు బిగించే ఆలోచనే పెట్టుకోవద్దు, అద్దెకైనా తెచ్చుకో.

గోదారి_గట్టు:
కంప్రెషన్ చూశాను. రెండో సిలిండర్ మిగతా రెంటికంటే బాగా తక్కువ, ఆయిల్ పోశాక పెరిగింది. అంటే దించాల్సిందేనా?

పాత_స్పానర్:
దించాల్సిందే. మెకానిక్ చెప్పింది నిజమే, చూడకుండా చెప్పడమే తప్పు. ఇంజిన్ ఎత్తే చైన్ బ్లాకు రేకుల షెడ్డు దూలానికి మాత్రం కట్టకండి, గట్టి గర్డరో మూడు కాళ్ల స్టాండో చూసుకోండి, బండి కిందకి దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు. విప్పే ముందు ప్రతి వైరుకీ పైపుకీ ఫోటో తీసుకో. బోరు చూశాక ఫోటో ఇక్కడ పెట్టు.